జంతికల గొట్టంతో కేకు మీద పువ్వులు
(ఇంట్లో ఉన్న వస్తువులతోనే కేకు అలంకరణ)



నేను ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్ముతూ జీవిస్తున్న పూర్వ విద్యార్థినిని. ఈ సంచికకు ఏదైనా పనికొచ్చే విషయం రాయమన్నారు. నాకు చేతనైన పని గురించే రాస్తున్నాను. కేకు ఎలా చేయాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. కుక్కర్లో ఇసుక పోసి కేకు చేయడం కూడా ఇప్పుడు చాలామందికి తెలుసు. కాని చేసిన కేకును అందంగా తయారు చేయడం దగ్గరే అందరూ ఆగిపోతారు. "మా దగ్గర సామాను లేదక్కా" అంటారు. పైపింగ్ బ్యాగు, నాజిళ్ళు, తిరిగే బల్ల, స్పాచులా, స్క్రేపరు, కట్టర్లు అన్నీ కొనాలంటే వేల రూపాయల మాట. ఆ డబ్బు లేక పని మానుకున్నవారిని చూశాను. డ్వాక్రా అప్పు తీసుకొని పెట్టెడు సామాను కొని, ఆర్డర్లు రాక వాయిదాలు కట్టుకుంటున్నవారినీ చూశాను. ఈ రెండూ అక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంకో కారణం కూడా ఉంది. బడిలో చేర్పించేటప్పుడు పంతులుగారు వేసిన తేదీయే మనలో చాలామందికి పుట్టినరోజు. అందుకే జూన్, జూలై నెలల్లో ఒకే వారంలో ఐదారుగురి పుట్టినరోజులు వస్తాయి. అందరికీ కలిపి ఒక్క కేకు, దాని మీద అందరి పేర్లు. బయట కొట్టులో చెబితే అన్ని పేర్లు రాయరు, రాసినా తెలుగులో రాయడం అరుదు. మన చేత్తో మనమే రాసుకోగలిగితే ఏ ఒక్కరి పేరూ మిగిలిపోదు.

ముందు పరికరం చేసే పని ఏమిటో తెలుసుకోవాలి

ఏ పరికరానికైనా ప్రత్యామ్నాయం వెతికేటప్పుడు దాని పేరు మరిచిపోయి, అది చేసే పని ఏమిటని అడగాలి. పైపింగ్ బ్యాగు చేసే పని క్రీమును ఒత్తి సన్నని రంధ్రం గుండా బయటికి పంపడం. అదే పని గోరింటాకు కోను చేస్తుంది, జంతికల గొట్టం చేస్తుంది. తిరిగే బల్ల చేసే పని మన చెయ్యి కదలకుండా కేకు తిరిగేలా చూడడం. స్క్రేపరు చేసే పని నిటారుగా నిలబడి అదనపు క్రీమును గీకడం. పని తెలిస్తే వస్తువు మన ఇంట్లోనే కనిపిస్తుంది. ఉపాయం లేనివాణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలని పెద్దలు ఊరికే అనలేదు.

అయితే ఒక షరతు. కేకుకు తగిలే ప్రతి వస్తువూ తినే పదార్థానికి తగలదగినదై ఉండాలి, శుభ్రంగా కడిగి ఆరబెట్టినదై ఉండాలి. ఈ షరతుకు నిలవని వస్తువు ఎంత బాగా పనిచేసినా వద్దు. ఆ సంగతి చివర్లో విడిగా చెబుతాను.

క్రీము సరిగా ఉంటేనే పరికరం పనిచేస్తుంది

చాలామంది నాజిల్ బాగాలేక పువ్వు రాలేదనుకుంటారు. నిజానికి క్రీము మెత్తబడటం వలన రాదు. కాబట్టి ముందు క్రీము సంగతి చూద్దాం.

బటర్ క్రీముకు తేలిక లెక్క: వెన్న ఒక వంతు అయితే పొడి చక్కెర రెండు వంతులు. అంటే 100 గ్రాముల ఉప్పు లేని వెన్నకు 200 గ్రాముల పొడి చక్కెర, ఒకటి రెండు చెంచాల పాలు, కొద్దిగా వెనీలా. ఐసింగ్ షుగర్ దొరకకపోతే ఒక కప్పు మామూలు చక్కెరకు ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి మిక్సీలో మెత్తగా పొడి చేసి, టీ వడకట్టే జాలీలో రెండు మూడుసార్లు జల్లించాలి. చక్కెర గడ్డ కట్టకుండా ఉండటానికి కొట్టులో దొరికే ఐసింగ్ షుగర్‌లోనూ ఇలాగే కొంచెం పిండి కలుపుతారు. జల్లించడం మానేస్తే ఒక్క చిన్న రవ్వ వచ్చి కోను మొనకు అడ్డం పడుతుంది.

ఇంట్లో చిలికిన వెన్న వాడితే దానిలో మజ్జిగ నీరు ఉంటుంది. చల్లని నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, గట్టిగా పిండి, నీరంతా పోయాక వాడాలి. లేకపోతే క్రీము విరిగినట్టు అవుతుంది.

ఇక మన ఎండల సంగతి. వెన్న దాదాపు 35 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగిపోతుంది. అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అంటే క్రీము కోనును అరచేతిలో పట్టుకొని కూర్చుంటే మన చెయ్యే దాన్ని కరిగిస్తుందన్నమాట. కాబట్టి:

1. అలంకరణ పని తెల్లవారుజామున గాని, రాత్రి చల్లబడ్డాక గాని పెట్టుకోవాలి.
2. క్రీము గిన్నెను ఐసు ముక్కలు వేసిన నీళ్ళ పళ్ళెంలో పెట్టాలి. ఐసు లేకపోతే కుండనీళ్ళు పోసిన వెడల్పు పళ్ళెం చాలు. నీరు గిన్నెలో పడకుండా చూసుకోవాలి.
3. కోనును సగమే నింపాలి. రెండు కోనులు పెట్టుకొని, ఒకటి చల్లని చోట ఉంచి, ఒకటి వాడుతూ మార్చుకోవాలి.
4. చేతికి, కోనుకు మధ్య పలచని పొడి గుడ్డ పెట్టుకోవాలి.

గరిటెతో క్రీము పైకి లేపితే నిలబడ్డ మొన వాలిపోకూడదు. అదే గుర్తు. వాలిపోతే ఇంకొంచెం పొడి చక్కెర కలపాలి, లేదా కాసేపు చల్లారనివ్వాలి.

పైపింగ్ బ్యాగుకు బదులు

మన అక్కచెల్లెళ్ళకు గోరింటాకు కోను చుట్టడం కొత్త కాదు. ఇదీ అదే విద్య. బటర్ పేపరును ఒక జానెడు కన్నా కాస్త పెద్దదిగా చతురస్రంగా కత్తిరించి, కర్ణం వెంట కోస్తే రెండు త్రిభుజాలు వస్తాయి. త్రిభుజంలో పొడవైన భుజం మధ్యబిందువే కోను మొన అవుతుంది. ఆ బిందువు దగ్గర ఎడమచేతి వేలు పెట్టి, కుడి మూలను చుట్టి పై మూల మీదికి తేవాలి. తరువాత ఎడమ మూలను దాని చుట్టూ తిప్పి వెనకవైపు కలపాలి. మూడు మూలలూ ఒకచోట చేరాక వాటిని కొంచెం లాగితే మొన బిగుసుకొని రంధ్రం మూసుకుపోతుంది. పై అంచును లోపలికి మడిస్తే విడిపోదు. క్రీము నింపి, పైభాగం మడిచి, చివరగా మొన కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే రంధ్రం ఎంత అవుతుందో మన చేతిలో ఉండదు.

కొట్టులో కొన్న గోరింటాకు కోను ఖాళీ చేసి వాడదామని ఎవరూ అనుకోవద్దు. వాటిలో కొన్నింటిలో నల్లగా పండటానికి రసాయనాలు కలుపుతారు. ఎంత కడిగినా ఆ ప్లాస్టిక్కు తిండికి పనికిరాదు.

బటర్ పేపరు కూడా దొరకకపోతే పాల ప్యాకెట్టు ఉంది. పైన ఒక అంచు మాత్రమే కత్తిరించి పాలు పోసుకోవాలి. ప్యాకెట్టును మొదట చల్లని నీళ్ళతో, తరువాత సబ్బు కలిపిన వేడినీళ్ళతో లోపలా బయటా కడిగి, తలకిందులుగా పూర్తిగా ఆరబెట్టాలి. మొదటే వేడినీళ్ళు పోస్తే పాలు లోపల అంటుకుపోతాయి. పాలు తగిలిన లోపలి వైపే క్రీముకు తగలాలి, అచ్చు వేసిన బయటి వైపు తగలకూడదు. కాబట్టి ప్యాకెట్టును తిరగేయవద్దు. కింది మూల ఒకటి కోను మొనలా పనిచేస్తుంది. ఒకసారి వాడి పారేయాలి.

పని ఎక్కువ ఉన్నవారు దగ్గరగా నేసిన కొత్త తెల్లని నూలు గుడ్డతో కోను ఆకారంలో సంచి కుట్టించుకోవచ్చు. వాడిన ప్రతిసారీ మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేయాలి.

నాజిల్‌కు బదులు కత్తెర

కోను మొనను ఎలా కత్తిరిస్తే అలాంటి నాజిల్ అవుతుంది. నాలుగు రకాలు చెబుతాను. వీటితోనే కేకు పని చాలావరకు అయిపోతుంది.

గుండ్రటి మొన: అడ్డంగా నేరుగా కత్తిరించాలి. మిల్లీమీటరు రంధ్రం అయితే అక్షరాలు రాయడానికి, అర సెంటీమీటరు అయితే అంచున ముత్యాల వరుస పెట్టడానికి. ముత్యం పెట్టేటప్పుడు కోను నిటారుగా పట్టి, ఒత్తి, ఒత్తడం ఆపేసి, అప్పుడే పైకి తీయాలి. ఒత్తుతూ పైకి తీస్తే తోక వస్తుంది.

ఆకు మొన: మొనను వేళ్ళతో అదిమి చదును చేసి, రెండు వైపుల నుంచి ఏటవాలుగా కత్తిరిస్తే బాణం మొనలా అవుతుంది. కేకుకు తగిలించి ఒత్తుతూ, నెమ్మదిగా వెనక్కి లాగుతూ వదిలేస్తే మధ్యలో ఈనెతో సహా ఆకు వస్తుంది.

చుక్క మొన: అర సెంటీమీటరు రంధ్రం చేశాక అంచున చిన్న చిన్న గాట్లు పళ్ళలాగా కోయాలి. గాట్లు సమానంగా ఉంటే చామంతి రేకుల్లాంటి గీతలు పడతాయి. కాగితం తడిస్తే పళ్ళు మెత్తబడతాయి కాబట్టి ఇరవై ముప్పై పువ్వులకొకసారి కోను మార్చాలి.

రేకు మొన: మొనను చదును చేసి ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగా ఏటవాలుగా కోయాలి. వెడల్పు వైపు కిందికి, సన్నని వైపు పైకి పట్టి చెయ్యి తిప్పుతూ ఒత్తితే రేకు వస్తుంది. గులాబీకి ఇదే ఆధారం. ఒక టూత్‌పిక్ చివర చిన్న బటర్ పేపరు ముక్క గుచ్చి, దాని మీద పువ్వు వేసి, కాసేపు చల్లబరిచి, కాగితం నుంచి తీసి కేకు మీద పెట్టవచ్చు.

ప్లాస్టిక్ సీసా మూతలకు చుక్క ఆకారం కోసి నాజిల్‌గా వాడేవారున్నారు. కోసిన చోట సన్నటి ప్లాస్టిక్ పొట్టు లేచి క్రీములో కలుస్తుంది. నేను వాడను, మీకూ చెప్పను.

జంతికల గొట్టం

కొందరు మురుకుల గొట్టం అంటారు, కొందరు చక్రాల గొట్టం అంటారు. ఏ పేరున పిలిచినా అది మన ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పైపింగ్ యంత్రమే. దాని బిళ్ళల్లో ఒక్కటే పెద్ద చుక్క రంధ్రం ఉన్న బిళ్ళ తీసుకోండి. గొట్టం శుభ్రంగా కడిగి, నూనె వాసన లేకుండా చూసి, గట్టి బటర్ క్రీము నింపి కేకు అంచున ఒత్తుకుంటూ పోతే తాడు పేనినట్టు అంచు వస్తుంది. ఒకచోట ఒత్తి గుండ్రంగా చుట్టి వదిలేస్తే పెద్ద పువ్వు. సన్నని కారప్పూస బిళ్ళ వేస్తే పచ్చిక, బొమ్మ జుట్టు, పక్షిగూడు లాంటివి వస్తాయి.

మూడు జాగ్రత్తలు. ఒకటి, దీనికి గట్టి బటర్ క్రీమే పనికొస్తుంది. గిలక్కొట్టిన తేలిక క్రీము ఒత్తిడికి గాలి పోయి జారిపోతుంది. రెండు, స్టీలుది మంచిది. ఇత్తడి గొట్టంలో క్రీము నిల్వ ఉంచవద్దు, నిమ్మరసం కలిపిన క్రీము అసలే వేయవద్దు. మూడు, గొట్టం బరువుగా ఉంటుంది కాబట్టి అడుగున ఇంకొకరు కేకు పళ్ళెం తిప్పుతుంటే పని నీటుగా వస్తుంది. ఇది ఇద్దరు చేసే పని.

తిరిగే బల్లకు బదులు గోళీలు

అంచు ఉన్న స్టీలు పళ్ళెం ఒకటి తీసుకోండి. మన మెస్సు పళ్ళెమైనా సరే, గదులు లేనిదై ఉండాలి. దానిలో ఒకే సైజు గాజు గోళీలు అడుగంతా పరుచుకునేలా, కాని కదలడానికి చోటుండేలా వేయండి. దాని మీద కొంచెం చిన్న పళ్ళెం బోర్లా కాకుండా పెట్టండి. పై పళ్ళెం సులువుగా తిరుగుతుంది. జారే ఘర్షణ కన్నా దొర్లే ఘర్షణ తక్కువని భౌతికశాస్త్రంలో చదివాం కదా. సైకిలు చక్రంలో బాల్సు చేసే పనే ఇక్కడ గోళీలు చేస్తాయి. కింది పళ్ళెం జారకుండా దాని కింద తడిగుడ్డ వేయండి.

గోళీలు లేకపోతే బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ లేకుండా పళ్ళెం పెట్టి చేత్తో తిప్పుకోవచ్చు. గిన్నె అడుగు చదునుగా ఉండాలి, పళ్ళెం మధ్యభాగం సరిగా గిన్నె మధ్యలో ఉండాలి. కిలో కన్నా బరువున్న కేకుకు ఇది వద్దు.

పొరలు కోయడానికి దారం, నునుపు చేయడానికి స్కేలు

కేకును అడ్డంగా రెండు పొరలుగా కోయడానికి పొడవాటి రంపపు కత్తి కావాలంటారు. కొత్త తెల్లని గట్టి దారం దానికన్నా బాగా కోస్తుంది. కేకు చుట్టూ సగం ఎత్తులో కత్తితో అర సెంటీమీటరు లోతున గాటు పెట్టండి. ఆ గాట్లో దారం చుట్టి, ముందు వైపు రెండు కొసలనూ ఒకదానిమీదొకటి దాటించి మెల్లగా లాగండి. దారం మధ్యకు చేరేసరికి పొర సమానంగా తెగుతుంది. రంగు దారం, గాలిపటాల మాంజా వాడవద్దు. మాంజాలో గాజుపొడి ఉంటుంది.

క్రీము పూయడానికి మొన గుండ్రంగా ఉన్న కత్తి గాని, సన్నని అట్లకాడ గాని చాలు. ముందు పలచగా ఒక పూత వేసి అరగంట వదిలేయాలి. కేకు పొడి ఆ పూతలో అంటుకుపోతుంది. తరువాత రెండో పూత దళసరిగా వేస్తే తెల్లగా వస్తుంది. గోడకు సున్నం రెండు పూతలు వేసినట్టే.

పక్కలు నునుపు చేయడానికి 30 సెంటీమీటర్ల కొత్త స్టీలు స్కేలు చాలు. బడిలో వాడే స్కేలు వద్దు, కేకుకని ఒకటి విడిగా పెట్టుకోండి. వేడినీళ్ళలో ముంచి, తుడిచి, పళ్ళేనికి లంబంగా నిలబెట్టి కేకుకు ఆనించండి. స్కేలు కదపకుండా పళ్ళెం మాత్రం తిప్పండి. చారలు కావాలంటే భోజనం ఫోర్కు ఆనించి తిప్పితే చాలు, కేకు దువ్వెన కొననక్కర్లేదు.

సమానంగా గుర్తులు పెట్టడం

అంచున ఎనిమిది పువ్వులు సమాన దూరంలో రావాలంటే కంటి అంచనా చాలదు. కేకు అంత వృత్తం కాగితం మీద గీసి కత్తిరించి, మూడుసార్లు సగానికి మడవండి. విప్పితే ఎనిమిది భాగాలు, ఒక్కొక్కటి 45 డిగ్రీలు. బటర్ పేపరైతే కేకు మీద నేరుగా పెట్టి అంచున టూత్‌పిక్‌తో చుక్కలు పెట్టుకోవచ్చు.

హాస్టల్లో కేకు చేసేటప్పుడు గుండ్రం కన్నా చతురస్రం మేలు. గుండ్రటి కేకును త్రిభుజాలుగా కోస్తే మొదటివాళ్ళకు ఎక్కువ, చివరివాళ్ళకు పొడి మిగులుతుంది. 30 సెంటీమీటర్ల చతురస్రపు కేకును ఒకవైపు 5 సెంటీమీటర్లకు, ఇంకోవైపు 3 సెంటీమీటర్లకు గీతలు పెడితే సరిగ్గా 60 ముక్కలు. అలాంటివి రెండు చేస్తే 120 మందికి. ఆ గీతలనే అలంకరణగా మార్చి, ఒక్కో గదిలో ఒక్కో చిన్న పువ్వు వేస్తే ప్రతివాళ్ళ ముక్క మీదా పువ్వు ఉంటుంది. కుక్ గారికి, కామాటి గారికి, వాచ్‌మన్ గారికి కూడా లెక్కలో ముక్కలు వేసుకోవడం మరవద్దు.

తెలుగులో పేరు రాయడం

తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండటం వలన కోనుతో రాయడానికి చాలా అనుకూలం. ఇబ్బందల్లా వత్తుల దగ్గరే. "జన్మదిన" అని రాయాలంటే కింద మవత్తుకు చోటు కావాలి. "వార్షికోత్సవ" అంటే రెండుచోట్ల వత్తు. కాబట్టి రెండు వరుసల మధ్య ఒక అక్షరమంత ఖాళీ వదలాలి. ముందు అక్షరాలు లెక్కపెట్టి, మధ్య అక్షరాన్ని కేకు మధ్యలో వేసుకొని, అటూ ఇటూ చుక్కలు పెట్టుకోవాలి. అక్షరం ఒళ్ళు ముందు, తలకట్టు తరువాత, వత్తు చివర.

రాత ముద్దకు ఒక చెంచా కోకో పొడి, నాలుగు చెంచాల పొడి చక్కెర, చుక్కచుక్కగా పాలు కలిపి గోరింటాకు ముద్దంత జారుగా చేసుకోవాలి. చాక్లెట్ కరిగించి రాయాలంటే వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. దానిలో ఒక్క నీటిచుక్క పడ్డా గడ్డకడుతుంది.

కేకు మీద రాసే ముందు బోర్లించిన స్టీలు పళ్ళెం మీద పదిసార్లు రాయండి. గీకి మళ్ళీ కోనులో వేసుకోవచ్చు, ముద్ద వృథా కాదు. మొనను కేకుకు తగిలించకుండా కొంచెం పైన పట్టుకొని, దారం వదిలినట్టు క్రీమును జారవిడవాలి. అప్పుడు గీత వణకదు.

ముగ్గు, రంగు కాగితం, టీ జాలీ

క్రీము లేకుండా కూడా అందం తేవచ్చు. ఆగస్టు 15కు మనం రంగు కాగితాలు మడిచి కత్తిరించి తోరణాలు కట్టినట్టే, తెల్ల కాగితం గుండ్రంగా మడిచి పువ్వులు, చుక్కలు కత్తిరించండి. ఆ కాగితం కేకు మీద పరిచి టీ జాలీతో పొడి చక్కెర చల్లి, కాగితం నిటారుగా పైకెత్తితే తెల్లని ముగ్గు పడుతుంది. కేకు పైభాగం పొడిగా ఉండాలి, వడ్డించే ముందే చల్లాలి. తడి తగిలితే చక్కెర కరిగి ముగ్గు మాయమవుతుంది. ముగ్గుపిండి వాడిన ప్లాస్టిక్ ముగ్గు అచ్చులు మాత్రం కేకు మీదికి తేవద్దు.

పైన వేయడానికి కిరాణా కొట్టులోనే చాలా ఉన్నాయి. జెమ్స్ బిళ్ళలు, రంగు సోంపు, దంచిన పల్లీ పట్టీ, ఎండుకొబ్బరి తురుము, టూటీఫ్రూటీ. ఈ టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కల్ని చక్కెర పాకంలో నానబెట్టి చేసేదే, ఇంట్లోనూ చేసుకోవచ్చు. పల్లీలు వేసేటప్పుడు అవి పడనివారు ఉన్నారేమో ముందు అడగాలి.

రంగులకు బీట్‌రూట్ రసం బాగా మరిగించి చిక్కబరిస్తే గులాబీ రంగు. పలచని రసం పోస్తే క్రీము జారిపోతుంది. చిటికెడు పసుపుతో పసుపురంగు. అయితే పసుపును వంటసోడా ఉన్న కేకు పిండిలో కలిపితే ఎర్రబారుతుంది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రనైనట్టే. అందుకని పసుపు క్రీములోనే వాడాలి.

వీటికి ప్రత్యామ్నాయం లేదు

ఇంతవరకు లేనివాటికి బదులు ఏమి వాడాలో చెప్పాను. ఇప్పుడు చెప్పేవి అంతకన్నా ముఖ్యం. వీటి విషయంలో సర్దుకోవడం అంటే పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే.

బంగారు పొడి, మెరుపులు: స్టేషనరీ కొట్టులో దొరికే మెరుపులు ప్లాస్టిక్కు. డబ్బా మీద విషం కాదని రాసి ఉన్నంత మాత్రాన తినదగినదని అర్థం కాదు. 2018 అక్టోబరులో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలు వాంతులతో జబ్బుపడ్డారు. కేకు మీద పూసిన బంగారు రంగు పొడిలో ఉన్నది రాగి అని పరీక్షల్లో తేలింది. తినదగినదని, అందులో ఏమేమి ఉన్నాయని స్పష్టంగా రాసి ఉంటేనే వాడాలి. లేకపోతే మెరుపు లేకపోయినా కేకు కేకే.

రంగులు: హోలీ రంగులు, ముగ్గు రంగులు, బట్టల రంగులు ఎంత కొంచెమైనా వాడకూడదు. మన దేశంలో తిండిలో కలపడానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు పీచుమిఠాయిలో బయటపడటంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి. ఆ మరుసటి నెలలో కర్ణాటక కూడా పీచుమిఠాయి, గోబీ మంచూరియాలలో కృత్రిమ రంగులను నిషేధించింది. విడిగా పొట్లం కట్టి, పేరు లేకుండా అమ్మే రంగు ఎంత చవకైనా కొనవద్దు.

పాత న్యూస్‌పేపరు: దానితో కోను చుట్టవద్దు, కేకు కింద పరచవద్దు. అచ్చు సిరాలో హానికర పదార్థాలు ఉంటాయని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది.

పువ్వులు: మన హాస్టల్ ఆవరణల్లో గన్నేరు ఎక్కువ. చూడటానికి గులాబీ రంగులో బాగుంటుంది కాని చెట్టంతా విషమే. ఉమ్మెత్త కూడా అంతే. కొట్టులో కొన్న గులాబీల మీద పురుగుమందు ఉంటుంది. మందు కొట్టని పెరటి గులాబీ రేకులైతే కడిగి వాడవచ్చు.

గుండుసూదులు, స్టేప్లరు పిన్నులు, థర్మోకోలు: బొమ్మలు నిలబెట్టడానికి ఇవి గుచ్చుతారు. చిన్నపిల్లల నోట్లోకి పోతాయి. టూత్‌పిక్‌లు వాడినా ఎన్ని గుచ్చామో కాగితం మీద రాసుకొని, వడ్డించే ముందు అన్నీ తీసి లెక్క చూసుకోవాలి.

నురుగు స్ప్రేలు: పుట్టినరోజుల్లో చల్లే తెల్లని నురుగు డబ్బాల్లో చాలావాటిలో మండే వాయువు ఉంటుంది. కొవ్వొత్తి వెలుగుతున్నప్పుడు చల్లితే భగ్గున అంటుకుంటుంది. కేకు దగ్గరికి దాన్ని రానివ్వవద్దు.

ఉపాధిగా తీసుకోవాలనుకునేవారికి

మన హాస్టల్ నుంచి బయటికి వెళ్ళాక చదువుకుంటూనో, పెళ్ళయ్యాక ఇంటిపట్టునో ఈ పని మొదలుపెట్టాలనుకునేవారు నన్ను అడుగుతుంటారు. మగపిల్లలు కూడా సిగ్గుపడనక్కర్లేదు. పెద్ద బేకరీలలో ఈ పని చేసేవారిలో ఎంతోమంది మగవాళ్ళే.

నేను పాటించే నియమం ఒకటే. ఒక పరికరం లేనందువల్ల మూడు ఆర్డర్లు చేయలేకపోతే అప్పుడు ఆ పరికరం కొనాలి, అంతకుముందు కాదు. అది కూడా వచ్చిన లాభంలోంచే. ముందు కొనవలసింది స్టీలు చుక్క నాజిల్ ఒకటి, గుండ్రటి నాజిల్ ఒకటి, తరువాత తూనిక యంత్రం. తిరిగే బల్ల చివర. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు.

ఇంటినుంచి చిన్నగా అమ్మినా ఆహార భద్రతా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అది చట్టం. కేకుకు వాడే గరిటెలు, గొట్టం, స్కేలు ఇంటి వంటకు వాడకుండా విడిగా ఒక మూత డబ్బాలో పెట్టుకోవాలి. ఉల్లిపాయ వాసన పట్టిన గరిటె ఒక్కటి చాలు, కొనేవాళ్ళు మళ్ళీ రాకుండా ఉండటానికి. అమ్మే కేకుల్లో పాల ప్యాకెట్టు లాంటివి మానేసి, బటర్ పేపరు కోనులే వాడండి. డబ్బు తీసుకున్నాక మన బాధ్యత పెరుగుతుంది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు సామాను లేదని పని ఆపేయవద్దు. సామాను ఉన్నంత మాత్రాన చెయ్యి తిరగదు. రోజూ ఒక గంట, ఒక కోను, ఒక బోర్లించిన పళ్ళెం. నెల రోజులు చేసి చూడండి. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ కేకును మనవాళ్ళే చేసి, దాని మీద మన హాస్టల్ పేరు తెలుగులో రాయాలని కోరుకుంటున్నాను.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అక్క,
ఒక పూర్వ విద్యార్థిని